ఎవరు రింగిచ్చినా తిరిగే మోటరు

ఒప్పుకోను. మీరు ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోను. "గోడ మీద నంబరు రాసుకున్నవాడికి సెక్యూరిటీ గురించి ఏడ్చే హక్కు లేదు" అని మా గ్రూపులో ఒకడు పెట్టాడు. దాని కింద మిగతావాళ్ళంతా వరసబెట్టి నవ్వు బొమ్మలు పెట్టారు. అందరూ నాతో పనిచేసినవాళ్ళే. బెంగళూరులో చల్లటి గదుల్లో కూర్చుని, ప్రపంచంలో ఎవడి కంప్యూటరు బద్దలైనా దాని మీద ఒక జోకు వేసి కాఫీకి పోయే జనం. వాళ్ళలో ఒక్కరూ బోరు మోటరు స్టార్టరు డబ్బా మూత తీసి చూసినవాళ్ళు కాదు. ఈ ఏడాది దాకా నేనూ చూడలేదనుకోండి, అది వేరే సంగతి.

ఏం జరిగిందో మొదటినుంచీ చెప్తాను. తర్వాత నవ్వాలనిపిస్తే నవ్వండి.

నేను పుట్టింది తనకల్లు దగ్గర పల్లెలో. పెరిగిందంతా బెంగళూరులోనే. నాకు నడక రాకముందే నాయన మమ్మల్ని అక్కడికి తీసుకుపోయాడు. చదువు అయ్యాక సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పడ్డాను. అంటే ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికే పని. ఒకరోజు మా టీమునంతా వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, ఇకమీదట మీ పని ఏఐ చేస్తుంది, మీ సేవలకు ధన్యవాదాలు అన్నారు. ఆ మాట చెప్తుండగా కాల్ మాటిమాటికీ తెగిపోయింది. ఏఐ వచ్చి అన్నీ చేసేస్తుందట గానీ, ఆ కబురు చెప్పే కాల్‌ను మాత్రం నిలబెట్టలేకపోయింది. నేను ఆ మాట అక్కడే అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఎవరి మైకూ ఆన్‌లో లేదు.

ఇంకో ఉద్యోగం దొరికేదాకా అని చిన్నాయన ఇంటికి వచ్చాను. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ఆయనకు ఊరికి అవతల మిట్ట మీద చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది, దానికి ఒకే ఒక్క బోరు. తోటలో ఒక పక్క చెట్లు అంతకు ముందు కరువుల్లోనే ఎండిపోయాయి. మిగిలిన పక్క చెట్లను ఈ ఎండాకాలం దాటించి, వాన పడేదాకా బతికించుకోవాలి. ఆయన కోరిక అంతే. కాపు రాకపోయినా ఫరవాలేదు, చెట్టు ఉంటే చాలు అనేవాడు. చీనీ చెట్టు చచ్చిపోతే మళ్ళీ మొక్క నాటి, కాపు కళ్ళజూసేసరికి ఏళ్ళు పడుతుంది. "అంత ఓపిక నాకూ లేదు, ఈ నేలకూ లేదు" అనేవాడు.

ఆ బోరు సంగతి కూడా తెలియాలి మీకు. కాసేపు నీళ్ళు పోస్తుంది, తర్వాత గాలి కక్కుతుంది. అప్పుడు మోటరు ఆపి, లోపల ఊట ఊరేదాకా ఆగి, మళ్ళీ వేయాలి. ఆపకపోతే నీళ్ళు లేకుండా ఒట్టిగా తిరిగి మోటరు కాలిపోతుంది. పగలంతా ఒక మనిషి స్టార్టరు దగ్గర కాపలా ఉంటే తప్ప సాగదు. అందుకే చిన్నాయన ఒక కంపెనీ వాళ్ళ డబ్బా కొని స్టార్టరుకు పెట్టించుకున్నాడు. అందులో సిమ్ కార్డు ఉంటుంది. ఫోన్లో యాప్ నొక్కితే మోటరు తిరుగుతుంది, నీళ్ళు అయిపోతే దానంతట అదే ఆగుతుంది. చిన్నాయనకు అది కొడుకు పుట్టినంత సంబరం.

కానీ ఆ డబ్బాకు సొంత బుద్ధి లేదు. నీళ్ళు ఉన్నాయా లేవా అని తేల్చే తెలివంతా కంపెనీ వాళ్ళు ఎక్కడో తమ సర్వర్లో పెట్టుకున్నారు. మోటరు తనకల్లు దగ్గర, దాని మెదడు ఏ ఊర్లోనో. ఒకరోజు పొద్దున ఆ సర్వరు మూసేశారు. కంపెనీ చేతులెత్తేసింది. మా మిట్ట మీద డబ్బా దీపం ఎర్రగా మినుకుమంటూ కూర్చుంది.

"ముందుగా ఒక మెసేజన్నా పంపుంటారు కదా చిన్నాయనా?" అని అడిగాను.

"పంపింటారు. ఇంగ్లీషులో వచ్చేటివన్నీ తీసేస్తాండా నేను."

"చదవకుండానే?"

"నువ్వే కదమ్మా చెప్పింది! తెలీనోళ్ళు పంపిండేది ముట్టుకోవద్దు, లింకు నొక్కితే బ్యాంకులో దుడ్లు పోతాయంటివే. బ్యాంకులో పోయేదానికి ఏమీ లేకపోయినా నీ మాట ఇన్నా."

చిన్నమ్మ రాగిముద్ద కెలుకుతూ లోపలినుంచే అంది, "మీ చిన్నాయన ఈ ఇంట్లో నా మాట తప్ప అందరి మాటా ఇంటాడు పాపా."

నాకు ఒళ్ళు మండిపోయింది. దుడ్లు పెట్టి కొన్న డబ్బా, ఇనుప పెట్టె, వైర్లు, దీపాలు అన్నీ బాగానే ఉన్నాయి. ఎక్కడో ఒక మనిషి స్విచ్ ఆపేస్తే ఇది పనికిరాని ఇనుము. ఇలాంటి వార్తలు ఫోన్లో రోజూ చూసేదాన్ని. ఫలానా కంపెనీ మూతపడింది, వాళ్ళు అమ్మిన కెమెరాలన్నీ గుడ్డివైపోయాయి అని చదివి, కింద ఒక జోకు రాసి ముందుకు జరిగిపోయేదాన్ని. ఇప్పుడు వార్త మా తోటలో కూర్చుని మినుకుమంటోంది.

సిగ్నలు కోసం మిద్దె ఎక్కి, ఎండకు ఫోను వేడెక్కి ఆగిపోతుంటే కొంగు కింద పెట్టుకుని వెతికాను. ఆ డబ్బాకు సరిగ్గా సరిపోయే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ఒకటి దొరికింది. ఎవరో ఒక మనిషి, ఏ దేశమో తెలియదు, ఉద్యోగం ముగించుకుని ఇంటికొచ్చి రాసి, ఊరికే అందరికీ పెట్టాడు. టైమరు ఉంది. కాసేపు తిప్పి, ఆపి, ఊట ఊరాక మళ్ళీ తిప్పుతుంది. రింగు ఉంది. డబ్బాలో ఉండే సిమ్‌కు రింగిస్తే మోటరు తిరుగుతుంది, తిరుగుతుండగా రింగిస్తే ఆగుతుంది. అలా రింగుతో వేసిన మోటరుకు టైమరు పట్టదు, మళ్ళీ ఎవరో రింగిచ్చేదాకా తిరుగుతూనే ఉంటుంది. నీళ్ళు లేనప్పుడు దానంతట అదే ఆగిపోయే భాగం మాత్రం లేదు. దాని ఎదురుగా "తర్వాత చేస్తాను" అని రాసి ఉంది. దాని కింద ఆయన చివరి మాట: అలసిపోయాను, ఇంట్లో బాగాలేదు, కావాలంటే ఎవరైనా తీసుకుని నడుపుకోండి. ఆ కింద జనం తిట్లు. ఫలానా భాగం ఇంకా ఎందుకు చేయలేదు, మా పని ఆగిపోయింది, బాధ్యత లేదా అని. ఊరికే పెట్టిన అన్నంలో ఉప్పు తక్కువైందని విస్తరి విసిరికొట్టేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉంటారన్నమాట.

డబ్బా విప్పి, ఫోనుకే వైరు తగిలించి ప్రోగ్రాము ఎక్కిస్తుంటే చిన్నాయన పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఊరికే ఇస్తాండాడా ఆయప్ప? ఏమిటికి?"

"అదంతే చిన్నాయనా. రాసిందంతా అందరికీ కనపడేట్లు పెడతారు. ఎవరన్నా చూడొచ్చు. తప్పుంటే ఎవరన్నా దిద్దొచ్చు."

"ఎవరు దిద్దుతారు?"

"ఎవరైనా."

"ఎవరైనా అంటే ఎవరూ దిద్దరు పాపా. మన చెరువు కాలవ గూడా అందరిదే. ఎవరు పూడిక తీసిరి?"

"నీకేం తెలుసు చిన్నాయనా, ప్రపంచమంతా దీని మీదే నడుస్తాండాది."

"నడిస్తే మేలే. మన మోటరు నడుస్తాదా, అది చెప్పు."

నడిచింది. డబ్బా దీపం పచ్చగా వెలిగింది, లోపల టక్కుమంది, పైపులో గాలి గురగురమని, వెనకే నీళ్ళు వచ్చాయి. చిన్నాయన దోసిట్లో పట్టి మొహం కడుక్కున్నాడు. ఉద్యోగం పోయాక నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. గ్రూపులో ఫోటో పెడితే, "రైతు విభాగానికి అధిపతిగా నియమితురాలైనందుకు శుభాకాంక్షలు" అని పెట్టారు. ఆ రోజు నాకూ నవ్వొచ్చింది.

మా కొట్లాట మొదలైంది ఆ తర్వాతే. ఏయే నంబర్ల నుంచి రింగొస్తే డబ్బా పలకాలో రాసిపెట్టుకునే ఏర్పాటు ఆ ప్రోగ్రాములో ఉంది. చిన్నాయనది, చిన్నమ్మది, నాది, ఈ మూడూ పెడతానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, నన్ను మోటరు కొట్టం వెనక్కి తీసుకుపోయాడు. దారి వైపుండే గోడ మీద, సున్నం కొట్టిన చోట, నీలం రంగుతో ఇంతింత అక్షరాలు. "నీళ్ళు దండగ పోతాంటే రింగియ్యండి. మోటరు ఆగుతాది." దాని కింద డబ్బాలోని సిమ్ నంబరు.

"ఎప్పుడు రాసినావు ఇది?"

"నువ్వు రింగుతో ఆగుతాదని చెప్పిన తెల్లారే."

"ఏం పని ఇది చిన్నాయనా? ఎవడన్నా ఊరికే రింగిచ్చి మోటరు వేస్తే?"

"ఏస్తే వానికేం వస్తాది?"

"ఏం రాదు. ఆకతాయితనం. తమాషాకు."

"నీళ్ళతో తమాషా చేసేవాడు ఈ పక్క పుట్టలేదు. మీ బెంగళూరులో ఉంటారేమో."

"చిన్నాయనా, ఇది ఇంటి బీగంచెవులు తీసుకుపోయి బస్టాండులో తగిలించినట్లు!"

"ఇల్లు వేరే, బోరు వేరే. పైపు ఊడి నీళ్ళు దారెంట పోతాంటాయి. నేను కదిరికి పోయింటా. మీ చిన్నమ్మ కూలికి పోయింటాది. చూసినోడు ఊరికే చూస్తా నిలబడల్లా? వాడు రింగియ్యల్ల, మోటరు ఆగల్ల. నువ్వు మూడు నంబర్లు పెడితే, ఆ మూడు నంబర్లోళ్ళే కండ్లుండేటోళ్ళా?"

చెరువు కాలవ పూడిక ఎవరూ తీయరని నాకు పాఠం చెప్పిన మనిషే దారిన పోయేవాళ్ళ మీద ఇంత నమ్మకం పెట్టుకున్నాడు. ఆ మాటే మొహాన అన్నాను. "పూడిక తీయడం పని. నీళ్ళు ఆపడం పని గాదు. అది ఎవడైనా చేస్తాడు" అన్నాడు. మూడు రోజులు మాట్లాడుకోలేదు మేం. అన్నం దగ్గర కూడా చిన్నమ్మ ద్వారానే. "మీ చిన్నాయనకు మజ్జిగ కావాలంట" అని ఆమె నాతో, "మీ పాపకు ఉప్పు చాలిందేమో అడుగు" అని ఆయన ఆమెతో.

ఆ తగువు తీర్చింది గొర్రెలు మేపే ఒక అవ్వ. ఆమె రోజూ మా తోట పక్క దారిలోనే గొర్రెలను తోలుకుపోతుంది. చదువు రాదు. బటన్ల ఫోను ఉంది. ఒక మధ్యాహ్నం మేం ఇంట్లో ఉండగా తోటలో పైపు కీలు ఊడి నీళ్ళు దారి మీదికి వచ్చాయి. ఆ అవ్వ గోడ మీద అంకెలను ఒక్కొక్కటే బొమ్మను చూసినట్లు చూసి, తన ఫోనులో అలాంటి బొమ్మ వెతుక్కుని నొక్కింది. మోటరు ఆగింది. సాయంత్రం ఇంటి ముందుకొచ్చి మరీ చెప్పింది.

"మ్మేయ్ పాపా, మీ డబ్బా నా మాట ఇన్నాది. నా కొడుకులే ఇనరు."

"మంచి పని చేసినావవ్వా" అన్నాను.

"ఇంకేమన్నా ఆపల్లంటే చెప్పు. మా కోడలి నోరు ఆపేదానికి నంబరు ఉండాదా?"

చిన్నాయన నా వైపు చూడను కూడా లేదు. చూడకపోవడంలోనే ఉంది గెలుపంతా. నేను ఆ మూడు నంబర్లు ఇక పెట్టలేదు. ఎవరు రింగిచ్చినా పలికేట్లే ఉంచేశాను.

ఆ తర్వాత కొన్ని వారాలు బాగానే గడిచాయి. పొద్దున చల్లబూట డ్రిప్పు పైపుల్లో ఉప్పు గడ్డలు దులుపుతూ కూర్చుంటే, నేను ఫోన్లో వార్తలు చదివి వినిపించేదాన్ని.

"ఒక పెద్ద కంపెనీలో జనాల పాస్‌వర్డులన్నీ బయటపడిపోయినాయంట చిన్నాయనా."

"అంతమందికి పాస్‌వర్డులు ఏమిటికి? దాచిపెట్టుకునేంత ఏముండాది వాళ్ళతాన?"

"ఇంకోచోట ఎవడో ఒకరింట్లో ఫ్రిజ్జును హ్యాక్ చేసినాడంట."

"చేస్తే? ఏం దొరికినాదంట?"

"నిన్నటి చింతాకు పప్పు" అంది చిన్నమ్మ.

ఎండలు ముదిరాయి. ఊరు పలచబడింది. ఒక్కో ఇంటికి బీగం పడుతూ వచ్చింది. బెంగళూరు బస్సుకు మూటలతో పోయేవాళ్ళు పోయారు. గొర్రెలకు మేత లేక ఆ అవ్వను కూడా కొడుకులు మందతోపాటే తూర్పు పక్క, కోసిన వరిమళ్ళుండే చోటికి తోలుకుపోయారు. మా తోట పక్క దారిలో చక్రం గుర్తు గానీ గిట్ట గుర్తు గానీ కనపడని రోజులు వచ్చాయి. ఇది నాకు అప్పుడు తట్టలేదు. ఫోన్లో తలపెట్టుకున్నవాళ్ళకు దారి మీద ఎవరూ లేరన్న సంగతి ఎలా తడుతుంది.

చిలమత్తూరులో మా బంధువుల పెళ్ళికి ముగ్గురం పోయాం. పోయేముందు చిన్నాయన టైమరు పెట్టమన్నాడు, పెట్టాను. బస్సులో కూర్చుని ఫోను తీస్తే ఆ రోజు పెద్ద వార్త. ఎవరికీ పేరు తెలియని ఒక చిన్న ప్రోగ్రాములో కన్నం పడిందట. లోకమంతా దాన్ని వాడుతుంది, చూసుకునేది మాత్రం ఒక్క మనిషి. ఆ ఒక్కడు అలసిపోయి ఉంటే సాయం చేస్తానని వచ్చినవాడే దొంగ. గ్రూపులో జోకుల మీద జోకులు. నేనూ ఒకటి వేశాను. "మా బోరుకు అంతకంటే మంచి భద్రత. ఎత్తుకుపోదామన్నా లోపల నీళ్ళు లేవు." బాగా నవ్వారు. ఆ జోకు ఇంకా గ్రూపులో అలాగే ఉంది. తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను.

పొద్దు వాలేముందు తిరిగొచ్చి, ఇంటికి పోకుండానే తోటకు పోయాం. డ్రిప్పు పైపులు ఎండి ఉన్నాయి. చెట్ల పాదుల్లో తడి లేదు. డబ్బా దీపం ఎర్రగా ఉంది. చిన్నాయన స్టార్టరు పచ్చ బటన్ నొక్కాడు. టప్‌మని పడిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ టప్. మూడోసారికి చేయి బటన్ దాకా పోయి ఆగింది.

"కాలిపోయినాది" అన్నాడు.

"ఎట్ల కాలుతాది? టైమరు పెట్టినా కదా!"

ఫోనుతో డబ్బాను కలిపి చూశాను. అది చేసిన పనులన్నీ వరసగా రాసుకుంటుంది. టైమరు తిప్పింది, ఆపింది. బోరు ఖాళీగా, ఊట కోసం ఆగి ఉన్న సమయంలో, ఏదో నంబరు నుంచి రింగు. మోటరు ఆన్. ఇక ఆపిన రాతే లేదు. లోపల చుక్క లేకుండా మధ్యాహ్నమంతా తిరిగి తిరిగి మాడిపోయింది. ఆ నంబరును నా ఫోన్లో కొట్టాను. ఎర్ర అక్షరాలతో వచ్చింది, లోన్ ఆఫర్, స్పామ్ అని. తిరిగి ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంది.

"ఎవరంట?" అన్నాడు చిన్నాయన.

"లోను ఇస్తామని ఫోన్లు చేస్తారే, వాళ్ళు. నీ నంబరని, నా నంబరని ఉండదు. మిషను వరసపెట్టి అందరికీ చేస్తాపోతాది. మన డబ్బా సిమ్‌కు గూడా చేసింది."

ఆయన స్టార్టరు మీంచి చేయి తీశాడు. తర్వాత, "పంట లోను అడిగి బ్యాంకు మెట్లన్నీ అరగదీసినా, నా మొకం చూసినోడు లేడు. మోటరును మాత్రం పిల్చి ఇస్తామన్నారా?" అన్నాడు.

చిన్నమ్మ పెళ్ళి చీరలోనే కొట్టం గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కూలబడింది. అది నవ్వో ఏడుపో నేను తేల్చుకోలేకపోయాను. నాకు కూడా ఒక మాట నోటిదాకా వచ్చింది గానీ అనలేదు. ఆ లోన్ వాళ్ళు మామూలుగా ఒక్కసారి చేసి ఊరుకోరు. కట్ చేస్తే మళ్ళీ చేస్తారు, తిడితే మళ్ళీ చేస్తారు. ఆ రోజు కూడా ఇంకొక్కసారి చేసి ఉంటే మోటరు ఆగిపోయేది. జీవితంలో మొదటిసారి మర్యాదగా ఒక్క రింగుతో సరిపెట్టారు.

గోడ మీద నంబరు అలాగే ఉంది. మోటరు ఒట్టిగా తిరుగుతున్న హోరు, పైపులో గాలి కక్కుతున్న చప్పుడు దారి మీదికి వినిపించే ఉంటాయి. విని రింగివ్వడానికి దారిలో మనిషి లేడు.

తర్వాత జరిగింది త్వరగా చెప్తాను, నాకు అది తలచుకోవడం ఇష్టం లేదు. బోరు బండి వాళ్ళు మోటరు పైకి తీశారు. కదిరిలో మోటర్లకు తీగ చుట్టే వైండింగ్ అంగడి ముందు కాలిన మోటర్లు సంతలో పశువుల్లా వరసగా పడి ఉన్నాయి. ఎండాకాలం అందరివీ కాలుతాయి. మా వంతు వచ్చి, చుట్టించి, తిరిగి దించేలోపు ఎండ తన పని తాను చేసుకుపోయింది. చిన్నాయన ట్యాంకరు తెప్పించి కొన్ని చెట్లకు పోశాడు. ఏ చెట్టుకు పోయాలి, ఏ చెట్టుకు మానాలి అని బిందె పట్టుకుని మధ్యలో నిలబడి ఎటూ పోలేకపోయేవాడు. ఆకులు ముందు దొన్నెల్లా ముడుచుకున్నాయి, తర్వాత పచ్చగా ఉండగానే రాలాయి. మోటరు దించి నీళ్ళు వదిలిన రోజు తోట మొత్తం కొమ్మలే. ఆ నీళ్ళు కట్టెల మొదట్లో పారాయి.

నేను కోపం పట్టలేక ఆ ప్రోగ్రాము పేజీలో జరిగిందంతా రాశాను. ఎవరో ఒకడు, రాసినాయన కాదు, వేరే ఎవడో, జవాబిచ్చాడు. "ఇది లోపం కాదు. అనుమతించిన నంబర్లు పెట్టుకోమని సూచనల్లో స్పష్టంగా ఉంది. ముగిస్తున్నాను." ముగించేశాడు కూడా. నేను నోటికొచ్చినట్టు రాశాను. చెరిపాను. మళ్ళీ రాసి పెట్టాను. స్పామ్ కాల్ మీద ఫిర్యాదు చేస్తే, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవలు ఎలా ఉన్నాయో చెప్పండి అని మెసేజ్ వచ్చింది. ఒక చుక్క ఇవ్వాలట, అయిదు చుక్కలు ఇవ్వాలట. నీళ్ళ చుక్కలు అడిగితే అవి లేవు.

తిట్టి తిట్టి నోరు నొప్పెట్టాక, ఆ "తర్వాత చేస్తాను" అని వదిలేసిన భాగం నేనే రాద్దామని కూర్చున్నాను. నాది తప్పులు వెతికే పనే గానీ రాసే పని కాదు. అయినా పట్టుబట్టి నేర్చుకుని రాశాను. నీళ్ళు లేకపోతే మోటరు తీసుకునే కరెంటు తగ్గుతుంది, అది చూసి ఆపేయాలి, అంతే. మా మోటరు మీదే పరీక్షించాను. పనిచేసింది. అందరికీ పనికొస్తుందని అసలు ప్రోగ్రాములో చేర్చమని పంపాను. చేర్చాల్సిన మనిషి లేడు, నా ఫిర్యాదు ముగించినవాడికి ముగించే హక్కే గానీ చేర్చే హక్కు లేదు. ఆయన ఎప్పుడో వెళ్ళిపోయాడు. అది అక్కడే వేలాడుతోంది, ఎవరికైనా కనపడుతుంది, ఎవరూ చూడరు. ఈ క్షణం ఏ ఊర్లో ఏ బోరు మోటరు ఆ పాత ప్రోగ్రాముతో ఒట్టిగా తిరుగుతోందో నాకు తెలియదు.

ఇదంతా గ్రూపులో చెప్తే వాళ్ళు తేల్చిన తీర్పు, మొదట్లో చెప్పానే, అది. దానికి తోడు, "ఏ ప్రోగ్రాములోనైనా అసలు కన్నం దాన్ని వాడుకునే మనిషే." వీళ్ళకు ఇది సామెత. కంపెనీ తెలివిని తన దగ్గర దాచుకుని మూసేసిపోవచ్చు, అది వ్యాపారం. రాసినవాడు సగంలో అలసిపోవచ్చు, అది పాపం. వాడి బరువు ఎవరూ ఎత్తుకోకపోవచ్చు, అది మామూలే. మిషన్లు పగలంతా ఊరందరికీ ఫోన్లు చేయొచ్చు, అది మార్కెటింగు. నీళ్ళు దండగ పోతే ఎవరైనా ఆపండయ్యా అని గోడ మీద రాసిన మనిషి మాత్రం వెర్రివాడు.

నిన్న సాయంత్రం తోటకు పోతే చిన్నాయన చెట్టు చెట్టు దగ్గరా ఆగి, బెరడు మీద గోటితో గీరి చూస్తున్నాడు. లోపల పచ్చగా ఉంటే ఇంకా ప్రాణం ఉన్నట్టు. నేను వెనకాలే నడిచాను.

"ఉండాదా చిన్నాయనా?"

"యాడుంది. కట్టె."

తర్వాతి చెట్టు. అదీ కట్టె. ఆ తర్వాతిదీ. వరస చివరిదాకా పోయి, తువ్వాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ ఫోన్ చేసినోనికి తెలుసునా పాపా, వాడేం చేసినాడో?"

"తెలీదు చిన్నాయనా. అది మనిషి గాదు. మిషను."

"మన డబ్బా?"

"అదీ మిషనే."

"అయితే ఒక మిషను ఇంకో మిషనుకు ఫోన్ చేసి, రెండూ కలిసి నా చెట్లను సంపినాయి. అంతేనా?"

చేతిలో ఫోను వణికింది. గ్రూపులో ఎవరో కొత్త జోకు పెట్టారు. చూడలేదు.

ఈ పొద్దు తెల్లారకముందే ఆయన గొడ్డలి భుజాన వేసుకుని పోయాడు. మిద్దె మీద కూర్చుని ఇది రాస్తుంటే దెబ్బలు వినపడుతున్నాయి. ఒకటి, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ ఒకటి. ఎండిన చీనీ కట్టె గట్టిగా ఉంటుంది, తొందరగా తెగదు. తప్పంతా ఆయనదే అనేవాళ్ళు ఎవరైనా ఉంటే, తనకల్లులో బస్సు దిగి, ఈ దెబ్బల చప్పుడు పట్టుకుని మిట్ట ఎక్కి, ఆయన ఎదురుగా నిలబడి ఆ మాట అనగలరా?